ఇర్మా కుట్టిన క్రావడి

మా టర్లీ ఊళ్ళో ఇర్మా పలెంచర్ చెయ్యి పడని ప్యాంటు ఉందంటే అది నిన్నో మొన్నో కొన్నదై ఉండాలి. పెళ్ళికూతురి గౌను బిగించాలన్నా, చర్చిలో పాడేవాళ్ళ అంగీలు పొడుగు చెయ్యాలన్నా, ఎవరైనా పోతే పెట్టెలో పడుకోబెట్టే ముందు ఆఖరి కోటు ఒంటికి అమర్చాలన్నా ఆవిడే. మిల్ స్ట్రీట్‌లో వాళ్ళమ్మ పెట్టిన కుట్టు కొట్టు, దాని మీద రెండు గదుల కాపురం. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా సూదిలో దారం ఒక్క తోపులో ఎక్కిస్తుంది. మనిషి పొట్టి, నోరు గట్టి. నడుం కొలత తీసుకుంటుంటే పొట్ట లోపలికి పీల్చే మగాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మంట. "వదులు, ఊపిరి వదులు! పెళ్ళి భోజనం ఎక్కడ పెట్టుకుంటావ్, జేబులోనా?" అని కసురుతుంది. నా కోటు కుట్టినప్పుడు నాకూ పడ్డాయి ఈ అక్షింతలు.

ఊరి బేస్‌బాల్ జట్టు బట్టలు కూడా నలభై అయిదేళ్ళుగా ఆవిడ చేతి మీదే. పెద్ద జట్ల నుంచి ఎప్పుడు పిలుపొస్తుందా అని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసే కుర్రాళ్ళ జట్టు మాది. నేల మీద జారి బేస్ అందుకోవడమే వాళ్ళ పని గనక మోకాళ్ళు చిరగని రోజుండదు. సోమవారం వచ్చిందంటే బుట్టెడు ప్యాంట్లు ఆవిడ బల్ల మీద పడతాయి. మాసికలు వేస్తుంది, నడుం పట్టీలు మారుస్తుంది, ఊడిన గుండీలు వెతికి మరీ కుడుతుంది. ఒక్క పని మాత్రం చచ్చినా చెయ్యదు. అక్షరాలు కుట్టదు. జెర్సీ మీద పేరు కానీ, బడి బ్యానరు కానీ, చంటిపిల్ల దుప్పటి మీద ఓ ముద్దుపేరు కానీ, ఎవరు తెచ్చినా "అక్షరాలు నా వల్ల కాదు, పట్నం పట్టుకెళ్ళు" అనేస్తుంది. ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగరు. అలా అడక్కపోవడం ఇర్మాకి ఏనాడూ వింతగా తోచలేదు.

ఎందుకో నేను చెప్తాను. అది 1986 ఏప్రిల్. అప్పట్లో ఊళ్ళో హెడ్లీ బాయిలర్ల ఫ్యాక్టరీ ఉండేది. సగం ఊరికి అదే తిండి పెట్టేది. జట్టు పేరు బాయిలర్స్ అని పెట్టుకున్నది కూడా అందుకే. ఆ వసంతంలో ఫ్యాక్టరీ మూసేస్తున్నామని కాగితాలు పంచారు. ఇర్మా మొగుడు గస్‌కి మంగళవారం నాడు అందింది. పదిహేడేళ్ళు అక్కడ రేకులు అతికిన వెల్డరు. అసలే మాట పొదుపు మనిషి. ఒకరిని ఏదైనా అడగాలంటే ప్రాణం పోతుంది. ఆ కాగితం తెచ్చి కుట్టుమిషను పక్కన పెట్టి, పెరట్లోకెళ్ళి కూర్చున్నాడు.

ఆ వారం ఇర్మా బల్ల మీద రెండు పనులున్నాయి. ఒకటి జట్టుకి కొత్త జెర్సీలు, ఇరవై నాలుగు. జట్టు మేనేజరు లెస్టర్ క్వేడ్ ఎప్పుడూ పట్నంలో మోర్‌హౌస్ కంపెనీకిచ్చేవాడు. ఆ ఏడు మాత్రం పాపం వీళ్ళకి ఆసరాగా ఉంటుందని ఇర్మాకిచ్చాడు. రెండోది ఫైర్ స్టేషన్ వాళ్ళు ఏటా పెట్టే విందుకి బ్యానరు. కోళ్ళు కాల్చి పెట్టే విందు. బ్రాయిలర్ విందు అని దాని పేరు. రెండింటికీ కాగితం మీద అక్షరాల అచ్చులు తనే కత్తిరించుకుంది. చేతులు బల్ల దగ్గరున్నాయి గానీ మనసంతా పెరట్లో కూర్చున్న మనిషి మీదే ఉంది. చేతికందిన అచ్చు తీసి జెర్సీ గుడ్డ మీద పరిచింది. చివర ఓ ఎస్ తగిలించింది. ఎర్రటి అక్షరాలు కత్తిరించింది, కుట్టింది, ఒకటి కాదు రెండు కాదు, ఇరవై నాలుగూ కుట్టేసింది. ఇంగ్లీషులో ఒక్క ఆర్ ఎక్కువ పడింది. మన లెక్కలో చెప్పాలంటే ‘బా’కి ఓ క్రావడి. బాయిలర్స్ కాస్తా బ్రాయిలర్స్ అయి కూర్చుంది! బ్రాయిలర్ అంటే ఎక్కడైనా కోడే కదా, నేను విడమరచి చెప్పక్కర్లేదు.

మా ఊళ్ళో రెండు మాటలూ పొద్దస్తమానం కళ్ళ ముందుండేవే. అందుకని ఎవరి కంటికీ ఆనలేదు. ఆటగాళ్ళు కూడా వీపు మీద తమ నంబరుందో లేదో చూసుకుని తగిలించుకుని మైదానంలోకి పరిగెత్తారు. ఆ తర్వాతి వారం, శనివారం మధ్యాహ్నం, ఆ ఏటి మొదటి ఆట, మూడు వేల మంది జనం. ఇరవై నాలుగు రొమ్ములూ ఒక్కసారి జనం వైపు తిరిగాయి. అంతలో ఎక్కడో మూడో వరసలో ఎవడో "కొక్కొరొకో" అన్నాడు. ఇక చూస్కోండి నా సామిరంగా! స్టేడియం స్టేడియమంతా కోళ్ళ ఫారం అయిపోయింది. ఫ్యాక్టరీ కాగితాలు జేబుల్లో పెట్టుకొచ్చిన మగాళ్ళు మోచేతులు ఆడిస్తూ కూతలు కూశారు. ఆటగాళ్ళకీ హుషారు పుట్టి అవతలి జట్టుని పదకొండు రెండుతో చితక్కొట్టి వదిలారు.

గస్ పక్కన కూర్చున్న ఇర్మాకి మాత్రం ఆ అక్షరాలు చదవగానే కాళ్ళ కింద నేల కదిలిపోయింది. తలొంచుకుని బయటికొచ్చేసింది. మర్నాడు పేపర్లో లెస్టర్ క్వేడ్ చెప్పిన మాట పడింది: పట్నంలో మోర్‌హౌస్ కంపెనీ చేసిన పొరపాటు, చింతిస్తున్నాం అని. ఇర్మా ఆ ముక్క పది సార్లు చదువుకుంది. అంటే క్వేడ్ తనని కాపాడాడు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే: తనకి, గస్‌కి, క్వేడ్‌కి. క్వేడ్ పోయి చాలా ఏళ్ళయింది. గస్ పోయి నాలుగేళ్ళు. ఇప్పుడిక తనొక్కతే. ఆ రోజు తర్వాత ఆవిడ స్టేడియం గడప తొక్కలేదు. రెండు వీధుల అవతలే ఉంది. కొట్టు కిటికీ తెరిచి రేడియో పెట్టుకుంటే, ఎవరైనా బంతిని గట్టిగా బాదినప్పుడు రేడియో కంటే ముందు కిటికీ చెప్తుంది. అది చాలనుకుంది.

ఆవిడ ఎదుట ఎవరూ ఎత్తలేదు గనక ఊరు ఆ రోజుని మరిచిపోయిందనే అనుకుంది.

ఇంతలో ఈ ఏడు జనవరిలో పేరు గొడవ వచ్చి పడింది. ఎప్పుడో మూతబడ్డ హెడ్లీ బాయిలర్ల పేరునీ బొమ్మనీ ఎవరో కొనుక్కున్నారట. ఇకపై బాయిలర్స్ అనే పేరు వాడితే ఊరుకోం అని ఉత్తరం రాశారు. జట్టుని కొత్తగా కొన్న కెల్సీ ట్రాంబ్లీ, ముప్పై నాలుగేళ్ళ పిల్ల, కంగారు పడలేదు. "ఊరి జట్టు కదా, ఊరే పేరు పెట్టుకోనీ" అంది. ఇక ఊరు ఊరుకుంటుందా? రోడ్ల మీద గుంతలున్నాయి గనక గుంతలని పెట్టమన్నాడొకడు. బేకరీ ఆవిడ అక్రోటు పూర్ణంతో చేసే తన రొట్టె చుట్టల పేరు పెట్టమంది. నాలుగొందల పై చిలుకు పేర్లలోంచి వడపోసి చివరికి రెండు తేల్చారు. ఒకటి ఆటర్స్, అంటే నీటికుక్కలు. రెండోది బ్రాయిలర్స్.

ఇర్మాకి ఈ కబురు మోసుకొచ్చింది హైస్కూల్లో లెక్కలు చెప్పే బ్రైస్. పాతికేళ్ళ వాడు, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చి ఫోనులో ఓ పాత ఫోటో చూపించాడు. తాతగారి అటక మీద దొరికిందట. ఇరవై నాలుగు మంది వరసగా నిలబడి ఉన్నారు, రొమ్ముల మీద ఎర్రటి అక్షరాలు.

"చూడండి మిసెస్ పలెంచర్! ఇంత మంచి సంగతి ఊళ్ళో ఉంచుకుని ఒక్క పెద్దవాళ్ళూ మాకు చెప్పలేదేంటండీ?"

"ఏముందని చెప్పడానికి? ఎవరో ఒళ్ళు మరిచి కుట్టారు," అంది ఇర్మా. అని, అతని ప్యాంటు అంచు రెండంగుళాలు ఎక్కువ మడిచేసింది. ఆ కుర్రాడు ఇప్పటికీ చీలమండలు కనపడేలానే తిరుగుతున్నాడు.

ఆ వారమంతా ఆవిడకి ముద్ద దిగలేదు. పేరు గనక అదే అయితే టోపీల మీద, గోడల మీద, కాఫీ కప్పుల మీద తన తప్పు. చచ్చేదాకా రోజూ కళ్ళ ముందు. ఎవరు కుట్టారు, ఎవరు కుట్టారు అని ఆరా తీయరూ? శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు. వెళ్ళాలి, నీటికుక్కల తరఫున నిలబడాలి, ఎలాగైనా ఆ పేరు పడకుండా చూడాలి అని నిశ్చయించుకుని, మంచి కోటు తొడుక్కుని బయల్దేరింది.

హాల్లో రెండొందల మంది దాకా ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కాఫీ మూడు డేక్షాలు ఖాళీ. కుర్రకారంతా ఓ పక్క, ఊరి పెద్దలంతా ఓ పక్క. బ్రైస్ లేచాడు.

"పులులూ గద్దలూ ప్రతీ ఊరికీ ఉన్నాయి. రొమ్ము మీద కోడి రాసుకుని పదకొండు రెండుతో గెలిచిన ఊరు ఇంకోటి చూపించండి!"

అటుపక్క చప్పట్లు. ఇటుపక్కనుంచి లూడ్ హోర్న్యాక్ లేచాడు. ఫైర్ స్టేషన్‌లో నలభై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటినా గొంతు ఇంకా సైరనే.

"నీటికుక్క అంటే ఏమనుకుంటున్నావ్? శుభ్రమైన జంతువు. కష్టజీవి. పెళ్ళాం బిడ్డల్ని చూసుకుంటుంది."

"మీరెప్పుడైనా చూశారా మిస్టర్ హోర్న్యాక్?"

"చూడకేం? టీవీలో."

"మన నదిలో ఒక్కటైనా ఉందా అని!"

"పేరు పెట్టి పిలిస్తే అవే వస్తాయ్. నీకు తొందరెక్కువ."

హాలంతా గొల్లుమంది. ఇర్మాకి నవ్వు రాలేదు గానీ ఆశ్చర్యం మాత్రం వేసింది. తన ఈడు వాళ్ళు ఒక్కరు తప్పకుండా నీటికుక్కల వైపే ఉన్నారు. బేకరీ ఆవిడ కూడా రొట్టెలు మరిచిపోయి "అవును, వాటి మొహాలు ముద్దొస్తాయి" అంటోంది. ఈ ముసలాళ్ళకి నీటికుక్కల పిచ్చి ఎప్పట్నుంచి పట్టుకుందా అనుకుంది. పోన్లే, తను నోరు విప్పకుండానే పని జరిగేలా ఉందని కుర్చీలో కాస్త వెనక్కి వాలింది.

అప్పుడు కెల్సీ మైకు పట్టుకుంది. "ఇంకో సంగతి చెప్తాను, వినండి. పేపర్లో పడిన ఆ మోర్‌హౌస్ కంపెనీ ఇంకా ఉంది. పెద్దాయనకి తొంభై ఒకటి. నేను ఫోన్ చేశాను. మేం ఏనాడూ అలా కుట్టలేదు తల్లీ అని ఒకటే మొత్తుకోళ్ళు! బ్రాయిలర్స్ గనక గెలిస్తే మొదటి ఆటకి కారు పంపి తీసుకొద్దాం. మైదానం మధ్యలో నిలబెట్టి అందరం కూతలు కూద్దాం. సరదాగానే లెండి."

కుర్రకారు ఈలలు వేశారు. ఇర్మా మాత్రం వెనక్కి వాలినదల్లా నిటారుగా కూర్చుంది. ఆ పెద్దాయన సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆలోచించిందా తను? ముప్పై ఎనిమిదేళ్ళు తన తప్పు ఆయన నెత్తిన ఉంది. తొంభై ఏళ్ళ మనిషిని ఎండలో నిలబెట్టి తన పాపానికి కూతలు కూస్తారట! ఛీ, ఇదేం బతుకు అనిపించింది. లేచి నిలబడింది.

"ఆయన జోలికి పోకండి," అంది.  "ఆయన నిజమే చెప్తున్నాడు. ఆ జెర్సీలు కుట్టింది నేను. ఫైర్ స్టేషన్ బ్యానరు అచ్చు పొరపాట్న అందులో పరిచాను. క్వేడ్ నా పరువు కోసం అబద్ధమాడాడు. రేపే ఆ పెద్దాయనకి ఫోన్ చేసి క్షమించమని అడుగుతాను. మీరేం అనుకుంటే అది అనుకోండి."

 కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. కెల్సీ మైకు బల్ల మీద పెట్టి, ఆవిడ మొహం చూసి, మంచినీళ్ళు తేవడానికి వంటగదిలోకి పరిగెత్తింది. లూడ్ టోపీ తీశాడు.

"తెలుసు ఇర్మా."

"ఏం తెలుసు?"

"నువ్వే కుట్టావని. అందరికీ తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఎలా ఏంటే! వారం రోజులు నీ కొట్టు కిటికీలోనే కదా వేలాడాయి. వీపులు వీధివైపు పెట్టావు గనక నంబర్లు చూసి మురిసిపోయాం. రొమ్ములు ఇటు పెట్టి ఉంటే ఆనాడే అరిచి చెప్పేవాళ్ళం. మర్నాడు పేపర్లో పట్నం కంపెనీ అని చదివి మొహమొహాలు చూసుకున్నాం."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కరంటే ఒక్కరు..."

"గస్ వచ్చాడు ఇర్మా."

ఇర్మా కుర్చీ వీపు పట్టుకుంది. "ఎక్కడికి?"

"ఆ మర్నాడు, ఆదివారం. వాన. మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏనాడూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగనివాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ‘లూడ్, నాకెలాగూ పని పోయింది. దానికి ఆ మిషనొక్కటే మిగిలింది. మీలో మీరు ఎంతైనా నవ్వుకోండి, దాని ఎదుట మాత్రం ఆ మాట ఎత్తకండి. ఎత్తారంటే మళ్ళీ సూది ముట్టుకోదు’ అన్నాడు. అని పక్కింటి తలుపు కొట్టాడు. ఆ తర్వాత ఆ పక్కింటిది. వీధి చివరిదాకా చూస్తూనే ఉన్నాను. నువ్వు చూళ్ళేదు గానీ, ఆ ఏటి నుంచి మా విందు బ్యానరు మీద కూడా ఉత్త కోడి విందనే రాస్తున్నాం."

ఆ ఆదివారం ఇర్మాకి బాగా గుర్తుంది. గస్ పొద్దున వెళ్ళి సాయంత్రం తడిసి ముద్దయి వచ్చాడు. ఎక్కడికెళ్ళావంటే నది ఒడ్డున తిరిగానన్నాడు. బూట్లలోంచి నీళ్ళు కారి నేలంతా పాడైందని, పని లేనివాడికి షికార్లెందుకని, తను నానా మాటలూ అంది. అతను ఏం మాట్లాడకుండా బూట్లు తీసి పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. ఏనాడూ అనలేదు.

"మీ ఇంటికీ వచ్చాడా?" అంది బేకరీ ఆవిడ వైపు తిరిగి. ఆవిడ చెయ్యెత్తింది. "మా ఆయన తలుపు తీశాడు. నేను వెనకాలే ఉన్నాను."

"మా ఇంటికీ వచ్చాడు," అని వెనక నుంచి ఇంకో చెయ్యి. "మా నాన్న దగ్గరికొచ్చాడు. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ మాటంటే తోలు తీస్తానన్నాడు మా నాన్న." ఇంకో చెయ్యి. నది అవతలి వీధి వాళ్ళు ఎత్తారు. కొండ మీది ఇళ్ళ వాళ్ళు ఎత్తారు. బ్రైస్ వాళ్ళమ్మ, కొడుకు బిత్తరపోయి చూస్తుండగా, తన చెయ్యీ ఎత్తింది. చూస్తుండగానే సగానికి పైగా హాలు చేతులెత్తి కూర్చుంది.

ఇర్మాకి కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు. "ఊరు ఊరంతా నన్ను కడుపులో పెట్టుకుని కాపాడుకొచ్చారా!" అంది. "నేనేమో ఎవరికీ తెలీదని ఇంట్లో దాక్కున్నాను. మీకెలా చెప్పుకోవాలో నాకు తెలీడంలేదు. ఎంత మంచివాళ్ళర్రా మీరంతా! వాడు... ఆ గస్ వెధవ, నాతో ఒక్క ముక్క అనలేదు చూశారా?" అని ఏడుస్తూనే నవ్వింది. లూడ్ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. 

అంతలో కెల్సీ నీళ్ళ గ్లాసుతో వంటగదిలోంచి వచ్చింది. చూస్తే ఎక్కడ చూసినా చేతులే. ఓట్లు మొదలైపోయాయనుకుంది పిచ్చిపిల్ల. గ్లాసు ఇర్మా చేతిలో పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, "ఆగండాగండి, దించకండి" అంటూ వరసనే లెక్కపెట్టుకుంటూ పోయింది. "నూట పద్దెనిమిది. సరే, ఇవి ఆటర్స్‌కా, బ్రాయిలర్స్‌కా?"

 ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి అందరూ ఇర్మా వైపు చూశారు.

"నీ ఇష్టం ఇర్మా," అన్నాడు లూడ్ మెల్లిగా. "నువ్వు వద్దంటే నీటికుక్కలే. ఇంకో నలభై ఏళ్ళు నోరు మూసుకోమన్నా మూసుకుంటాం."

ఇర్మా నీళ్ళు తాగింది. కోటు చేత్తో మొహం తుడుచుకుంది. నెమ్మదిగా చెయ్యెత్తింది.

"బ్రాయిలర్స్‌కి," అంది. "గస్‌ది కూడా వేసుకో అమ్మాయ్. మొత్తం నూట ఇరవై."

కెల్సీ మారు మాట అడక్కుండా నూట ఇరవై అని రాసుకుంది.